నూట పన్నెండో పేజీ

డిపో పక్కన పాత పుస్తకాలమ్మే నర్సప్పకు ప్రోగ్రామింగ్ రాదు. అయినా పుస్తకం మంచిదో కాదో చెబుతాడు. అంచుల్లో పెన్సిల్ రాతలుంటే పనికొచ్చేది, తెల్లగా ఉంటే తూకానికి పోయేది.

ఒక్కదాన్ని మాత్రం అమ్మడు. వానల రాకను కంప్యూటర్‌లో లెక్కగట్టడం నేర్పే పుస్తకమది. మొదటి పేజీలో చనిపోయిన కూతురు సుకన్య పేరుంది. ఆమె రాతలు అందులో నూట పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయాయి.

మనూర్ నుంచి వచ్చిన కాలేజీ పిల్ల దాన్నే పట్టుకుంది.

"అది పనికిరాదు."

"గిన్ని రాతలుండంగ పనికిరాదంటవేంది తాతా?"

తన మాటకు తానే దొరికిపోయాడు. చదివి తెచ్చిస్తానని తీసుకెళ్లిన పిల్ల వారానికే వచ్చింది.

"ఇంకొక్క లైన్ రాస్తే లెక్క తేలుతుండె. సుకన్యక్క ఎందుకు ఆపింది తాతా?"

ఆ ప్రశ్న నర్సప్పను తొమ్మిదేళ్లుగా అడుగుతూనే ఉంది. ఒక్క లైనే మిగిలిందని మాత్రం ఇప్పుడే తెలిసింది.