బుగ్గ నీళ్లలో కలిపిన సముద్రం

పదకొండేళ్లుగా ఒక మనిషి అబద్ధాలకోరన్న పేరు మోస్తున్నాడు. అది నాకు రావలసిన పేరు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నేనెవరని మాత్రం అడగకండి.

విజయవాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుని. పదో తరగతితో బడి ఆగింది. ఆ తర్వాత చదివిందంతా భవానీపురంలో మా ఇంటి దగ్గరి గ్రంథాలయంలోనే. బీకర్లు కడిగిన చేతులతో భూగర్భశాస్త్రం పేజీలు తిప్పాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

మా లెక్చరరు గారు గోదావరి వైపున్న ఒక వేడినీటి బుగ్గ మీద డాక్టరేటుకు పరిశోధన చేసేవారు. ఆ నీళ్లు ఎక్కడివో వాటిలో కరిగిన లవణాలను బట్టి తేల్చాలి. రాతిపొరల్లో చిక్కుకున్న పాత సముద్రపు నీళ్లని ఆయన నమ్మకం. బుగ్గ దగ్గర సీసాలు నింపి, మూతలకు మైనం పెట్టి తెచ్చాం. పరీక్షలు తర్వాతి వారం. సీసాలు తెచ్చిన మర్నాడు విద్యార్థుల ముందు నోరు ఆపుకోలేకపోయాను.

"అవి వాన నీళ్లేమోనండీ. లోతుకు దిగి, వేడెక్కి పైకొస్తాయంట. పుస్తకంలో చదివానండీ."

"ఏ పుస్తకమయ్యా? పల్లీలు పొట్లం కట్టిచ్చిందా?"

అందరూ నవ్వారు. ఆయన అంతటితో ఆగలేదు.

"సైంటిస్టు గారూ, ముందా సింకు కడగండి."

కడిగాను. కడుగుతూనే నిర్ణయించుకున్నాను. సముద్రం కావాలా? ఇస్తాను.

వంటింటి ఉప్పు వేస్తే దొరికిపోతాను. సముద్రపు నీటిలో క్లోరైడుకీ బ్రోమైడుకీ మధ్య ఒక నిష్పత్తి ఉంటుంది, బజారు ఉప్పులో అది తప్పుతుంది. అదీ పుస్తకం చెప్పిందే. ఆదివారం బందరు బస్సెక్కి, మంగినపూడి తీరంలో ఒక సీసా నింపుకొచ్చాను. సోమవారం భోజనాల వేళ ఒక్కో సీసాలో రెండేసి చెంచాలు పోసి మళ్లీ మైనం పెట్టాను. ఒక్క చుక్కయినా ఒలికిందా? లేదు. నా చెయ్యి అంత నిలకడగా ఎప్పుడూ లేదు.

ఫలితాలు చూసి ఆయన లడ్డూలు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. తిన్నాను.

తర్వాత డాక్టరేటు పరీక్షకులు బుగ్గ నీళ్లు మళ్లీ తెప్పించుకుని చూస్తే అవి వాన నీళ్లేనని తేలింది. ఆయనే అంకెలు కల్పించారన్నారు. డాక్టరేటు పోయింది. ఆయన ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మలేదు. విద్యార్థులు వెనక నుంచి 'సముద్రం సారు' అనేవారు. ఆ పేరు పుట్టించిందీ నేనే.

జాలి కలగలేదా? కలగాలని ఎదురుచూశాను. ఆయన ఒక్కసారైనా నన్ను అనుమానించలేదు. మొదట్లో అది మంచితనమనుకుని కుంగిపోయాను కానీ, ఏళ్లు గడిచి తరచి చూసుకున్న కొద్దీ, ఒక అటెండరుకి అంత పని చేతనవుతుందని ఆయనకు తట్టనే లేదని అర్థమై, ఆరిందనుకున్న మంట మళ్లీ రాజుకుంది. మరి ఇది పశ్చాత్తాపమా? నాకు చేతనయిందని చాటుకోవడమా? తెలియదు. రెండూ కావచ్చు.

క్షమించమని అడగను. చెప్పాల్సింది ఒక్కటే. ఆయన అంకెలు కల్పించలేదు. సీసాలో ఉన్నదే రాశారు. అందులో సముద్రాన్ని పోసింది నేను.