కబడ్డీ కూత కోసం మగ్గాలు ఆపించాను

సోలాపూర్ వెళ్లింది దుప్పట్ల కోసం కాదు, కబడ్డీ కోసం. మా విశ్వవిద్యాలయం జట్టుకు నేను కెప్టెన్‌ని. పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి అక్కడ దిగామో లేదో, యుద్ధం వల్ల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు వాయిదా వేశామని ఫోన్‌కు సందేశం వచ్చింది. తిరుగు రైలు రాత్రికి గానీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదంతా మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడింది ఇందుకా అని ప్లాట్‌ఫాం మీదే అరిచాను.

మా జట్టులోని రాజేశం మేనమామ సత్తయ్యగారికి నీలం నగర్‌లో పవర్‌లూమ్ కార్ఖానా ఉంది. ఆ గల్లీ కుర్రాళ్లతో సరదాగా ఒక ఆట ఆడదామన్నాడు రాజేశం. స్టేషన్ నుంచి అశోక్ చౌక్ మీదుగా షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు. డ్రైవర్ మా జెర్సీలు చూసి తెలుగులోనే పలకరించాడు.

"లడాయి నడుస్తుంటె ఆటకొచ్చిండ్రా?"

"లడాయి బార్డర్‌లో కదన్నా, సోలాపూర్‌లో కాదుగా!" అన్నాను. మావాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు.

సత్తయ్యగారింట్లో జొన్నరొట్టె, పల్లీల చట్నీ కడుపునిండా తిన్నాక, కార్ఖానాల మధ్య ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో గీతలు గీశాం. ఒకటే చిక్కు. కబడ్డీలో కూత రెఫరీకి వినపడాలి. మగ్గాల మోతలో నా కూత నాకే వినపడలేదు. కాసేపు కార్ఖానా ఆపమని సత్తయ్యగారిని అడిగాను.

"గట్ల ఎకాఎకి బంద్ చెయ్యొద్దు బిడ్డా. జర థాంబ, ఆగు, గల్లీల చెప్పొస్త."

"చెప్పడానికేముంది మామా, పది నిమిషాలేగా!"

ఆయన చెప్పులు తొడుక్కుంటుండగానే లోపలికెళ్లి మెయిన్ స్విచ్ దించేశాను. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు.

ఆ వెంటనే పక్క కార్ఖానా ఆగింది. తర్వాత ఎదురుది. చూస్తుండగానే గల్లీ అంతా చప్పుడు లేకుండా పోయింది. మా ఆటకు ఎంత మర్యాద ఇస్తున్నారో అని మురిసిపోయి, కూత అందుకుని అవతలి కోర్టులోకి దూకాను. నన్ను పట్టుకోవాల్సిన కుర్రాడు కదలకుండా నా వెనక్కి చూశాడు. తిరిగి చూస్తే కార్మికులు గుమ్మాల్లో తలలు వంచుకుని నిలబడ్డారు. ఒకావిడ చెప్పుల్లేకుండా పరుగెత్తి వస్తోంది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గీతలు తొక్కుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవలింట్ల, బిడ్డా? మా సీనుగాని కబురా?"

ఊపిరి అందక నాకు మాట రాలేదు. అదే జవాబనుకుందేమో, అక్కడే కూలబడింది.

సత్తయ్యగారు ఉరికొచ్చారు. "ఏ కబురూ రాలె వదినా! పోరలు ఆటకు బంద్ చేసిండ్రు, గంతే." తర్వాత నావైపు తిరిగారు. "ఈమె కొడుకు ఫౌజీల ఉన్నడు, బార్డర్ మీద. కరెంటు ఉండంగ కార్ఖానా ఆగిందంటె గల్లీల ఎవలో పోయినట్టు. ఇగ అడగకుంటనె అందరు బంద్ చేస్తరు. అందుకె చెప్పొస్తనన్న."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆటకా?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముందుగాల కార్ఖానా చాలూ చెయ్యి బిడ్డా. ఆ సప్పుడు ఇనకుంట ఇంటికి నడ్వలేను."

లోపలికి పరుగెత్తి స్విచ్ ఎత్తాను.

మళ్లీ ఆడలేదు. నాకు సరిగ్గా క్షమాపణ చెప్పడం కూడా చేతకాలేదు. ఇది రాస్తున్నా సిగ్గుగానే ఉంది. యుద్ధ సమయంలో ఆడటం తప్పని అక్కడ ఎవరూ అనలేదు. ఆ కుర్రాళ్లు రోజూ అక్కడే ఆడతారు. కూత వినపడదు కాబట్టి రెఫరీ ఆటగాడి పక్కనే పరుగెడుతూ పెదాలు చూస్తాడట. ఎలా ఆడతారని నేను ముందు అడగనే లేదు. యుద్ధం నా పోటీలు పాడుచేసిందని రైలు దిగినప్పటినుంచీ సణిగినవాణ్ని, ఆ యుద్ధాన్ని ఒక తల్లి గుమ్మంలోకి నా చేత్తోనే తెచ్చాను.

నీలం నగర్ వెళ్లేవారికి ఒక్క మాట. మగ్గాలు చూడాలంటే పగలు వెళ్లండి. మీ మాట వినపడకపోతే దగ్గరికెళ్లి చెవిలో చెప్పండి, మగ్గం మాత్రం ఆపమనకండి. పక్కింట్లో ఎవరి తల్లి ఆ చప్పుడు వింటూ కూర్చుందో మనకు తెలియదు.