ఒక బెల్లం ముక్క తక్కువ

పోయిన మంగళవారం పొద్దున మణికొండలో ఆఫీసుకు బయలుదేరుతుంటే అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఆమె భర్త. "మీ అక్క పోయిందమ్మా. తెల్లారంగనే పోయింది. ఆఫీసుల చెప్పు," అన్నాడు. నెలల తరబడి ఏడ్చి అలసిపోయిన గొంతు. సరేనన్నాను. వేసుకున్న చెప్పులు విప్పి గడప దగ్గరే కూర్చుండిపోయాను.

అక్క నాకు చుట్టం కాదు, ఆఫీసులో సీనియర్. మాదాపూర్‌లో ఓ అద్దాల భవనం ఐదో అంతస్తులో మా చిన్న ఆఫీసు ఉంది. పైనా కిందా అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. సొంత విమానం నడుపుకుంటూ వేరే దేశానికి వెళ్లేవాళ్లకు కావలసిన అనుమతులు, కస్టమ్స్ కాగితాలు మేం తయారుచేస్తాం. ఎక్కడ దిగుతారు, లోపల ఎవరెవరున్నారు, ఏం సామాను తెస్తున్నారు, అన్నీ ముందే రాసి పంపాలి. ప్రొద్దుటూరు నుంచి వచ్చి చేరేదాకా ఇలాంటి ఉద్యోగం ఒకటుందనే నాకు తెలియదు. అక్కది ఖాజాగూడ. చుట్టూ పొలాలున్న రోజుల్లో అక్కడే పుట్టింది. టైపు నేర్చుకుని, పాత విమానాశ్రయం దగ్గర ఓ సరుకుల ఏజెంటు వద్ద చేరి, అక్కడి నుంచి ఈ పనిలోకి వచ్చింది.

విమానం నంబరు ఫోన్లో చెప్పడానికి పైలట్లకు ఒక పద్ధతి ఉంది, ఆల్ఫా, బ్రావో అంటారు. అక్క మనవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం "ఎ అంటే అమీర్‌పేట, బి అంటే బేగంపేట, కె అంటే కూకట్‌పల్లి" అనేది. ఢిల్లీలో ఓ గుమాస్తా హైదరాబాద్ ముఖం చూడకుండానే మన పేటలన్నీ నేర్చేసుకున్నాడు. ఏ కాగితమైనా పంపే ముందు కుర్చీలోంచి లేచి నిలబడి చదివేది. "కూసుంటే కండ్లు గూడ కూసుంటయి పిల్లా," అనేది నాతో.

నేను చేరిన రెండో నెలలో జరిగింది చెప్పాలి. జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన తన భార్యనూ తల్లినీ చిన్న విమానంలో శ్రీలంక తీసుకెళ్లి వెనక్కి వస్తున్నాడు. దేశంలోకి వచ్చేటప్పుడు మొదట కస్టమ్స్ ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆయన దిగాల్సిన చోట గాలివాన. ఇంకెక్కడా కుదరక, మధ్యాహ్నం పూట, వాడకంలో లేని ఓ పాత రన్‌వే మీద విమానం దించాడు. అక్కడ ఓ కాపలాదారు, మండే ఎండ తప్ప ఏమీ లేవు.

ఫోన్ నేనే ఎత్తాను. "మా అమ్మగారికి షుగరండీ. పొద్దున ఇంజెక్షన్ తీసుకున్నారు, మధ్యాహ్నం ఏమీ తినలేదు, షుగర్ పడిపోయి చెమటలు పడుతున్నాయి. గేటు తీసే ఉంది. పక్కూళ్లో భోజనం పెట్టించి అరగంటలో తీసుకొచ్చేస్తానండీ," అన్నాడాయన.

"పొండి సార్, ముందు పెద్దామెను చూసుకోండి," అన్నాను.

అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "సార్, గేటు దాటకుండ్రి. అధికారులు రాకముందే బయటికి పోతే దొంగతనంగా దేశంలకు వచ్చినట్టయితది. విమానం పట్టుకుంటరు, మీ లైసెన్సు పోతది. అమ్మను రెక్క నీడకు కూసోబెట్టుండ్రి. తిననీకి ఏమున్నది?"

"తాటిబెల్లం ఉందండీ, రెండు కేజీలు. కానీ కాగితంలో రాశాం కదా, విప్పకూడదేమో..."

"విప్పి జల్ది తినిపియ్యి సార్! తక్కువైంది నేను రాసుకుంట. పది నిమిషాల్ల చెమట తగ్గకపోతే, మాట తేడా వస్తే, ఏ కాగితం సూడకు. దవాఖానకు తీస్కపో. జవాబు నేను చెప్పుకుంట."

కస్టమ్స్‌కూ పోలీసులకూ కబురు పెట్టమని నాకు చెప్పి, పెద్దావిడతో మాట్లాడతానంది. ఇటు నేను ఒకదాని తర్వాత ఒకటి నంబర్లు తిప్పుతున్నాను. అక్క మాత్రం గోంగూర పచ్చడి గురించి మాట్లాడుతోంది. "ఉడకబెట్టి నూరుతం గదమ్మా మేము?" అంటోంది. అటు నుంచి ఏదో నీరసంగా వినిపించింది. మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా తప్పుగా. "అట్లయితే ఎండుమిర్చి పచ్చిదే ఏస్తరా?" నాకు ఒళ్లు మండింది. ముసలామె ప్రాణం మీదికి వస్తే ఈమెకు పచ్చడి కావాల్సి వచ్చిందా అనుకున్నాను. కాసేపటికి ఆవిడ గొంతు నాకూ వినిపించింది: "అలా కాదమ్మాయ్! నూనెలో మగ్గించాలి. మీ అమ్మ నీకేం నేర్పలేదూ?"

అక్క ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది. "తిడుతున్నది. ఇగ ఫికర్ లేదు," అంది. అప్పుడు అర్థమైంది. మాట తడబడుతోందేమో అని ఇంతసేపూ వింటోంది.

అధికారులు జీపులో చేరడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా అక్క కాగితం మార్చి, నిలబడి చదివి, పంపింది. సామాను వరుసలో ఇలా ఉంది: తాటిబెల్లం, రెండు కేజీలు, అందులో ఒక ముక్క తక్కువ, ప్రయాణికురాలి ఆరోగ్యం కోసం తినిపించడమైనది. వచ్చిన కస్టమ్స్ అధికారి అది రెండుసార్లు చదివి, ముద్ర వేసి, తన టిఫిన్ డబ్బాలోని పెరుగన్నం పెద్దావిడకు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం నేను ముఖం చాటేసి తిరుగుతుంటే, అక్క టీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నువ్వు పొమ్మన్నది పాపం అనిపించి అన్నవు. నాకు గూడ అట్లనే అనిపించింది. కానీ మనం ఈడ కూసొని పొమ్మంటే, ఆడ పట్టుబడేది వాళ్లు," అంది. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు వారాలకు ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని ఆఫీసుకే వచ్చింది. "గోంగూర పచ్చడి రాని పిల్ల ఎవరండీ?" అని గుమ్మంలోనే అడిగింది. అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తనను ఒకసారి విమానంలో తిప్పుతామంటే మాత్రం ఒప్పుకోలేదు. "నేను కింద ఉంటేనే మీరు మీద మంచిగ తిరుగుతరమ్మా," అంది.

కడుపులో గడ్డ అని తెలిశాక కూడా కొన్నాళ్లు ఆఫీసుకు వచ్చింది. తర్వాత రాలేకపోయింది.

పోవడానికి వారం ముందు వాళ్లింటికి వెళ్లాను. ఒట్టి చేతులతో వెళ్లలేక, ఏం మాట్లాడాలో తెలియక, నేపాల్ వెళ్లే ఒకాయన కాగితం పట్టుకెళ్లి, ఇందులో ఓ సందేహం ఉందన్నాను. అక్క కాగితం వైపు చూడలేదు.

"సందేహం లేదు, ఏం లేదు. నన్ను సూడనీకి వచ్చినవు. సూడు మరి, మంచిగ సూడు," అంది.

చూశాను. డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఇంటి వెనక రాతి గుట్ట, దాని వెనక సగం కట్టిన టవర్లు. భర్త వెనక నిలబడి, పలచబడిన ఆమె జుట్టును ఒక చేత్తో కుదురు దగ్గర పట్టుకుని, లాగినట్టు తెలియకుండా మెల్లగా దువ్వుతున్నాడు. "నొప్పి పెడుతున్నదా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఆమె చూడకుండా తీసి జేబులో పెట్టుకున్నాడు. అక్క కళ్లు మూసుకుని, ముఖం ఎండవైపు తిప్పుకుంది.