కుండల కప్పు మీద నేను వేసిన నింద

నలభై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోశాను. మొన్నమొన్నటి దాకా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం కాస్త సులువుగా ఉంది.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో తిరువూరు చుట్టుపక్కల శ్లాబు పని అంటే నన్నే పిలిచేవారు. ఆ పొగరు నాకు నిలువెల్లా ఉండేది. వినగడప అవతల ఒక పల్లెలో రూతమ్మ టీచరు బడికి గదులు కట్టిస్తున్నారు. మొదటి గది కప్పులో మట్టికుండలు బోర్లించి, వాటి సందుల్లోనూ పైనా కాంక్రీటు పోయమన్నారు. కుండలో చిక్కిన గాలి ఎండ వేడిని కిందికి దిగనివ్వదని, సిమెంటు తక్కువ పడితే దాని తయారీకి కాల్చే బొగ్గూ తగ్గుతుందని ఆమె నాకు ఓపిగ్గా చెప్పారు. ఆ ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. నేను పైకి తలూపి, వెనక మా కూలీలతో కలిసి ఎగతాళి చేశాను. వంటింటి కుండలు నాకు పని నేర్పుతాయా అని.

కుండలు చేసింది ఆ ఊరి కుమ్మరి కోటయ్య. ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూసి, మోత తేడాగా ఉన్నదాన్ని తనే పక్కన పడేసేవాడు. అంత నిజాయితీగా నేనెప్పుడైనా పని చేశానా?

శ్లాబు పోశాక దాని మీద వరిమడికి కట్టినట్టు మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలపాలి. పది రోజులైనా అది ఎండకూడదు, ఎండితే పగుళ్ళిస్తుంది. సరిగ్గా అప్పుడే గంపలగూడెంలో ఒక పెద్ద ఆసామి మేడ పని వచ్చింది. నాకున్నది ఒక్కటే నీళ్ళ బండి. దాన్ని అక్కడికి తోలాను. ఒక్క పూటే కదా అనుకున్నాను, రేపు చూద్దాంలే అనుకున్నాను, అలా మూడు రోజులు గడిచాయి. తిరిగి వచ్చేసరికి గట్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. కప్పు మీద ఓ మూల నుంచి సన్నటి పగులు పాకింది.

టీచరు వచ్చి చూశారు. పక్కనే కోటయ్య ఉన్నాడు.

"మేస్త్రీ, నీళ్ళు రోజూ పెట్టించావా?"

"పెట్టించానండీ. లోపం కుండల్లోనే ఉంది."

"నా కుండల్లోనా?" అన్నాడు కోటయ్య. నేను అతని వంక చూడలేదు.

పగులులో సిమెంటు పాలు పోసి పూడ్చాను. ఆ కప్పు ఈ రోజుకీ కారలేదు. కానీ మిగతా గదులకు రేకులు వేశారు. ఊళ్ళో ఇంకెవరూ కుండల కప్పు మాట ఎత్తలేదు. నీళ్ళకుండలకు కూడా వేరేచోటికి వెళ్ళారు. ఏడాది తిరిగేసరికి కోటయ్య కుమ్మరి సారె పక్కన పెట్టి పత్తి చేలల్లో కూలికి పోయాడు. మధ్యాహ్నాలు రేకుల గదుల పిల్లలంతా ఆ చల్లటి గదిలోకి చేరేవారని విన్నప్పుడల్లా నాకు సిగ్గేసేది. అయినా నోరు విప్పలేదు. ఎందుకు? పని పోతుందనా? కాదు. నా పనిలో తప్పే ఉండదని నేనే నమ్మించిన ఊరి ముందు తలవంచాల్సి వస్తుందని. ఒక మనిషి తిండి కంటే నా పేరే నాకు ఎక్కువైంది.

పోయిన నెల పెనుగొలనులో ఆసుపత్రి గది కట్టాలని కొందరు కూర్చున్నారు. ఏసీ అక్కర్లేకుండా చల్లగా ఉండాలని, కుండల కప్పు వేద్దామని ఒక ఇంజనీరమ్మాయి అంది. ఆనాటి బడి కప్పులా అది పగులుతుందని ఎవరో అడ్డుపడి, పాత మేస్త్రినని నన్ను అడిగారు. కోటయ్య కూతురు నాగమణి ఎదురుగానే కూర్చుంది. తండ్రి వదిలేసిన సారెను ఆమె మళ్ళీ తిప్పుతోందట.

లేచి నిలబడ్డాను. మూడు రోజులు నీళ్ళు పెట్టనిది నేనేనని, కుండల్లో ఏ లోపమూ లేదని అందరి ముందూ చెప్పాను. నీళ్ళు నిలపడం ఈసారి నేనే దగ్గరుండి చూస్తానని కూడా అన్నాను. కప్పుకు కుండలే ఖాయం చేశారు.

బయటికొచ్చాక నాగమణి నా దగ్గర ఆగింది.

"మా నాన్న బతికుండగా చెప్పాల్సింది, బాబాయ్."

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. కుండలు ఎన్ని కావాలో అడగడానికి ఇంజనీరమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయింది.