మటన్ డబ్బాకు పడిన సొట్ట

ప్లాస్టిక్ కవరు ఇంట్లోకి రాకూడదని మా ఆవిడ ఆజ్ఞ. అందుకే ఈ రోజు వేంపల్లెలో మటన్ అంగడికి క్లిప్పుల స్టీలు డబ్బాతో వెళ్లాను.

“ఏమప్పా, మటనుకు వచ్చినావా, సద్ది కట్టుకోని పనికి పోతాండావా?” అన్నాడు అంగడి మస్తాన్. అందరూ నవ్వారు.

ఉక్రోషంతో స్కూటరు వేగంగా తోలాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర డబ్బా ఎగిరి రోడ్డు మీద పడింది. నాకంటే ముందే రెండు కుక్కలు చేరాయి. ఇంట్లోనేమో బావమరిది భోజనానికి వచ్చి కూర్చున్నాడు! పరుగెత్తి వెళ్లి చూశాను. మూత ఊడలేదు. ప్రాణం లేచొచ్చింది.

“ఈ సొట్ట యాడిది?” అంది మా ఆవిడ, నేను ఇంటికి చేరగానే.

“ఈ డబ్బానే లేకపోతే ఈ పొద్దు మీ తమ్మునికి సంగటిలోకి ఊరిబిండి పచ్చడే,” అన్నాను.

వచ్చే ఆదివారమూ డబ్బానే తీసుకెళ్తాను. మీలోనూ ఎవరైనా ఇలా నవ్వులపాలయ్యుంటే చెప్పండి, నాకు తోడు కావాలి.