మా బావి నీళ్ళు పోసిన కారు

2022 ఉగాది వెళ్ళిన వారానికి మా ఇంటి ముందు ఒక లారీ ఆగింది. ఆలూరు దగ్గర మా ఊళ్ళో మా పెద్ద ఇల్లు చేతులు మారి చాలా కాలమైంది. మాకు మిగిలినవి గుర్రపుసాల, దాని వెనుక బావి. సాలలో సగం మా కాపురం, మిగతా సగం నా షెడ్డు, అందులో పాత కార్లు బాగుచేస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే నా వృత్తి. బోర్డు పెట్టలేదు. మా తాత పేరు చెప్పి అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు, అది చాలు.

లారీలోంచి దించింది పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అరవై ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందట. ఎరుపు పోయి ఇటుకపొడి రంగు మిగిలింది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. వెంట వచ్చినాయన శంకరయ్య గారు. కడపలో డాక్టరుగా పనిచేసి మానుకున్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు.

ముందు చెంబుతో నీళ్ళిచ్చాను. "మా బావి నీళ్ళు. మా తాత రోజుల్లో కలెక్టర్లు మనుషులను పంపి బిందెలతో తెప్పించుకునేవాళ్ళు" అన్నాను. ఆయన గడగడా తాగి చెంబు కింద పెట్టారు.

"చూడప్పా, నా కండ్లకు నీటికాసుల జబ్బు. చూపు అంచుల నుంచి మూసుకుంటా వస్తాండాది. ఎంత కాలముందో నాకు తెలుసు, నేనూ డాక్టర్నే కదా. పెండ్లయిన కొత్తలో మా ఆడమనిషిని ఈ కార్లోనే గండికోటకు పిల్చుకోని పోయినా. ఆమె లేదిప్పుడు. దోవ కనపడేటప్పుడే ఇంగొకసారి నేనే తోలుకుంటా పోవాల. దీపావళికి ఇస్తావా?"

"పండగకు ముందురోజు మీ వాకిట్లో ఉంటుంది. మా ఇంటి మాట" అన్నాను.

ఈ పని నాకు నేర్పింది మా నాన్న దగ్గర డ్రైవరుగా ఉండిన ఖాసిం సాహెబ్. మా కార్లు ఒక్కొక్కటే అమ్ముడుపోతున్న రోజుల్లో ఆయన నన్ను ఆఖరి కారు దగ్గరకు తీసుకుపోయి, "సీట్లో కూర్చునేది ఎవురికైనా వస్తాది చిన్నయ్యా. కింద పండుకునేది నేర్చుకో" అన్నాడు. తెల్లచొక్కాతోనే పడుకున్నాను. ఆ వేసవంతా ఆయన నన్ను పనివాణ్ణి చూసినట్టే చూశాడు, ఒక్కసారీ పొగడలేదు. అంత మర్యాద నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆయన పద్ధతులే ఇప్పటికీ నావి. సిలిండర్ హెడ్, అంటే ఇంజను పైమూత, వేడికి కొద్దిగా వంగుతుంది. నునుపు పట్టిన కడప బండ మీద ఎమెరీ కాగితం పరిచి, దానిపై హెడ్డును గుండ్రంగా తిప్పుతూ సమంగా అయ్యేదాకా రుద్దుతాను. రంగు వేసే ముందు నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణుస్తాను. ఇంజను నడిచిన ప్రతి సాయంత్రం, దాన్ని చల్లబరిచే రేడియేటర్‌లోని నీళ్ళు దించేసి, పొద్దున కొత్త నీళ్ళు పోస్తాను. నీళ్ళు నిలవుంటే పాత ఇనుము తుప్పు పడుతుందని ఖాసిం సాహెబ్ చెప్పేవాడు.

శ్రావణంలో ఇంజను పలికింది. అప్పటి నుంచి రోజూ తెల్లవారి కారును పది పదిహేను మైళ్ళు నడిపాను. కొత్తగా వేసిన భాగాలు ఒకదానికొకటి అలవాటు పడాలి, దాన్ని రన్నింగ్-ఇన్ అంటాము. ఎర్ర కారు సజ్జచేల మధ్య పోతుంటే కూలీలు పని ఆపి చూసేవాళ్ళు. మా ఇంటి పేరు మళ్ళీ రోడ్డెక్కిందని లోలోపల అనుకున్నాను.

దీపావళి పది రోజులుందనగా ఆదోని రోడ్డులో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. వాటర్ పంపు విప్పాను, బాగుంది. నీటి ప్రవాహానికి తలుపులా పనిచేసే థర్మోస్టాట్ మార్చాను. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే అదను, సరిచూశాను. రేడియేటర్ జోలికి పోలేదు. దాన్ని మొదట్లోనే నా చేతులతో శుభ్రంగా కడిగి బిగించాను, అందులో పోసింది మా బావి నీళ్ళు. అనుమానించడానికి ఏముంది?

పండగ వెళ్ళిపోయింది. మాట తప్పానని డాక్టరు గారికి ఫోన్లో చెప్పవలసి వచ్చింది.

"కోపమేం లేదప్పా. పొద్దు గూకితే నాకు ఇంటి గేటు కనపడ్డంలేదు. అంతే చెప్తాండా" అన్నారు.

ఇంకో వారం గడిచింది. నా భార్య సరస్వతి కాఫీ తెచ్చి షెడ్డులో నిలబడింది.

"ఆదోనిలో రేడియేటర్లు బాగుచేసే మేస్త్రి ఒకాయప్ప ఉండాడంట. ఒక మాట అడగరాదా?"

"మన పని ఇంకొకరి వాకిట్లో పెట్టేది లేదు."

"అయితే నేనే అడుగుతా. దీనికి ఏ నీళ్ళు పోస్తాండారు?"

"ఏ నీళ్ళేమిటి? మన బావివే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ నీళ్ళకు కందిపప్పు ఉడకదు."

"రోజూ ఉడుకుతోంది కదా!"

"పదేండ్ల నుంచి ఫిల్టరు ప్లాంటు నీళ్ళ క్యాను తెప్పించి వండుతాండా. మీరు షెడ్డులో ఉన్నప్పుడు తెప్పిస్తా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు పప్పు తినేది మానేస్తారు. మిమ్మల్ని నేనెరగనా?"

చుట్టూ బోర్లు పడి మా బావి ఎండిపోయినప్పుడు దాని అడుగునే నేను బోరు వేయించాను. పైకి అదే బావి, అదే గిలక. లోపల నుంచి వచ్చేది మాత్రం ఎక్కడో పాతాళంలోని సున్నపు నీళ్ళు. రోజూ తాగేవాణ్ణి, రుచి మారింది నాకు తెలియలేదు.

రేడియేటర్ విప్పి కిటికీ వెలుగులో పెట్టాను. సన్నటి గొట్టాలు చాలావరకు తెల్లటి పక్కుతో పూడిపోయాయి. ఇంజను దిమ్మెలో నీళ్ళు తిరిగే దారులు, వాటర్ జాకెట్ అంటాము, వాటికీ అదే పక్కు. ఒకసారి పోసి వదిలేసినా ఇంత చేటు జరిగేది కాదు. రోజూ దించి రోజూ కొత్త నీళ్ళు పోయడంతో రోజుకొక పొర సున్నం నేనే పట్టించాను. ఖాసిం సాహెబ్ పద్ధతి మంచిదే, అది మంచినీళ్ళున్న కాలానిది.

సరస్వతి వంటింట్లోంచి నిమ్మ ఉప్పు తెచ్చిచ్చింది. వేడినీళ్ళలో దాన్ని కలిపి పోసి, దించి, మళ్ళీ పోసి, పక్కంతా కరిగించాను. చెప్పిన రోజుకు మూడు వారాలు ఆలస్యంగా, ప్లాంటు నీళ్ళు పోసుకొని, కారును నేనే కడపకు తోలుకుపోయాను. దారంతా ముల్లు మధ్యలోనే నిలిచింది.

డాక్టరు గారి ముందు నిలబడి ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఇంట్లో నాకు తెలిసి ఎవరూ తమ తప్పు అలా చెప్పుకోలేదు.

ఆయన పగలబడి నవ్వారు. "మొదటి రోజు చెంబు నోట్లో పెట్టుకున్నప్పుడే నాకు తెలిసిందప్పా! ఉప్పు కషాయం! నువ్వేమో కలెక్టర్లంటాండావు. ఏం చెప్పేది నీకు? కండ్లు మూసుకోని మింగినా."

మరుసటి ఉదయం బయలుదేరాము. ఆయన స్టీరింగ్ ముందు, నేను ఎడమ పక్క. గేర్లు మార్చడంలో ఆయన చెయ్యి కుర్రవాడి చెయ్యిలా ఆడింది. జమ్మలమడుగు దాటాక ఎడమ నుంచి గొర్రెలు రోడ్డు మీదికి వచ్చాయి. ఆయనకు కనిపించలేదు. నేను అరిచాను, ఆయన బ్రేకు తొక్కారు. గొర్రెలన్నీ దాటేదాకా ఇంజను ఆపి కూర్చున్నారు.

"దీపావళికి ఆ పక్క కొంచెం కనపడేదిలే" అని దిగి, కారు చుట్టూ బానెట్ తడుముకుంటూ నా పక్కకు వచ్చారు. "ఇంగ నువ్వు తోలప్పా. శానా బాగుండాది బండి."

గండికోట దాకా మిగిలిన ఆ కొద్ది మైళ్ళూ ఆయన నడపవలసినవి. నేను నడిపాను.

పాడైన ఇంజను ఎన్నాళ్ళయినా కాచుకుంటుంది. దాన్ని నడపాలనుకున్న మనిషికి అన్ని రోజులు ఉండకపోవచ్చు. ఇప్పుడు ఒక పూటలో అంతుపట్టని పని ఉంటే రెండో పూట ఆదోని బస్సులో ఉంటాను, విప్పిన భాగం ఒళ్ళో పెట్టుకొని. సరస్వతి చెప్పిన ఆ రేడియేటర్ మేస్త్రి నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ఆయన వాకిట్లో నిలబడి "ఇది నాకు తెలియడం లేదు, చూడప్పా" అనడం ఇప్పటికీ కష్టమే. అయినా అంటాను.