టైన్ అండ్ వేర్ పాఠం

పాయా లేబర్ మెట్రో స్టేషన్‌లో రైలు దిగి నడుస్తుంటే ఎక్కడో వెల్డింగ్ చేస్తున్న వాసన తగిలింది. ముందు కోపమొచ్చింది, ఆ తర్వాతే నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు పదేళ్లు. నాన్న బూన్ లే వైపు షిప్‌యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. బడిలో ఉత్తర ఇంగ్లండ్‌లోని టైన్ అండ్ వేర్ కౌంటీ గురించి పాఠం చెప్పారు. ఒకప్పుడు బొగ్గు గనులతో, ఓడలు కట్టే యార్డులతో హోరెత్తిన చోటట. ఆ పని ఆసియాకు, మా దేశంలోని యార్డులకు కూడా తరలిపోయి, జనం వీధిన పడ్డారట.

"యువర్ ఫాదర్ స్టోల్ దెయిర్ జాబ్స్ లా!" అన్నాడు పక్కనున్న పిల్లాడు, చివర్న మా ఊరి ఇంగ్లీషు యాసలో 'లా' తగిలించి. టీచర్ విని కూడా నవ్వి ఊరుకుంది. నేను నిజమే అనుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని తిననన్నాను. "యూ ఆర్ ఎ థీఫ్!" అని అరిచాను. అమ్మ చెయ్యెత్తింది. నాన్న ఆమెను ఆపి, నిప్పురవ్వలు కాల్చిన మచ్చలతో నిండిన చేతులు నా ముందు చాపాడు.

"దొంగ సేతులు ఇలగుంటాయేటమ్మా?"

నేను కంచం తీసుకుని గదిలోకి పోయాను.

చవగ్గా పనిచేసే చేతుల్ని వెతుక్కుంటూ పోయింది అక్కడి యార్డుల యజమానులు. వాళ్ల గురించి ఆ పాఠంలో ఒక్క ముక్క లేదు. దొంగ అన్న మాట మాత్రం నా నోటితో నాన్నకు అంటగట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మర్నాటి నుంచి నాన్న వెల్డింగ్ వాసన పోయేలా యార్డులోనే స్నానం చేసి, ఆఫీసు బాబులా తెల్లచొక్కా తొడుక్కుని ఇంటికి వచ్చేవాడు.